గొడ్డలికి నాలుగణాలు: మారేడుమిల్లి దారిలో కొంత చరిత్ర

రాజమండ్రి, కాకినాడ కుర్రకారుని "ఈ వీకెండ్ ఎక్కడికి?" అని అడిగితే కొన్నేళ్లుగా ఎక్కువగా వినిపించే జవాబు మారేడుమిల్లి. ఊరు చిన్నదే. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా తొంభై కిలోమీటర్ల లోపే. అక్కడ ఏం చెయ్యాలో కూడా అందరికీ కంఠతా వచ్చు. పొద్దున్నే ఘాట్ రోడ్డు మీద మంచు చూడాలి. రంప జలపాతం కింద తడవాలి. మధ్యాహ్నం బొంగు చికెన్, దొరికితే ఒక గ్లాసు జీలుగు కల్లు. రాత్రికి అడవి మధ్య కాటేజీ. ఇంకో రోజు సెలవుంటే పాపికొండల బోటు. 'పుష్ప' సినిమా ఇక్కడ తీశాక సెల్ఫీ పాయింట్లు కూడా పెరిగాయి.

ఈ లిస్టుని ఒకసారి గోదావరి జిల్లా పాత చరిత్ర పక్కన పెట్టి చదివి చూడండి. రోడ్డు, కల్లు, అడవి, వెదురు, నది: మనం సరదాకి వెతుక్కునే ఈ అయిదింటి గురించే ఇక్కడి మనుషులు నూట యాభై ఏళ్లుగా డెల్టాతో, డెల్టా వెనక ఉన్న సర్కారుతో పోట్లాడుతున్నారు. కొన్నిసార్లు కాగితాలతో, రెండుసార్లు తుపాకులతో. మారేడుమిల్లిలో చెయ్యాల్సిన పనుల లిస్టూ, రంప తిరుగుబాటుకి కారణాల లిస్టూ చాలావరకు ఒకటే.

ముందు ఒక మాట చెప్పుకోవాలి. డెల్టా వాళ్లకి కొండలంటే ఇష్టం కొత్తది, భయం పాతది. మా తాతల తరానికి 'మన్యం' అనగానే గుర్తొచ్చేది చలిజ్వరం. మన్యానికి బదిలీ అంటే ఉద్యోగికి శిక్ష కిందే లెక్క. తిరుగుబాట్లను అణచడానికి వచ్చిన పటాలాల్ని కూడా మలేరియా బాగా దెబ్బతీసింది. మనం ఈరోజుకీ వాడే 'ఏజెన్సీ' అన్న మాట ఆ కాలం నాటిదే. మామూలు చట్టాలు, కోర్టులు ఇక్కడ నేరుగా వర్తించవు. కలెక్టరు గవర్నరుకి 'ఏజెంటు' హోదాలో పాలించేవాడు. అందుకని అది ఏజెన్సీ అయింది. దోమలూ ఆ ప్రత్యేక పాలనా కలిసి కొండల్ని చాలాకాలం డెల్టా నుంచి విడిగా ఉంచాయి. అయినా వడ్డీ వ్యాపారి, కల్లు కాంట్రాక్టరు మాత్రం ఎలాగో పైకి ఎక్కగలిగారు.

కల్లు సంగతితో మొదలుపెడదాం. కొండల్లో కల్లంటే ముఖ్యంగా జీలుగు చెట్టు నుంచి తీసేది. మనకది 'ట్రై చేసి చూద్దాం' అనే డ్రింకు. కొండరెడ్లకి అలా కాదు. గింజలు నిండుకునే నెలల్లో జీలుగు కల్లే చాలామందికి కడుపు నింపేది. దీని గురించి వివరంగా రాసిన మనిషి ఆస్ట్రియా దేశస్థుడు, క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక శత్రుదేశపు పాస్‌పోర్టుతో ఇండియాలో ఇరుక్కుపోయి, నిజాం రాజ్యంలో ఉండి పరిశోధన చేసుకున్నాడు. పాపికొండల్ని ఇంగ్లీషువాళ్లు 'బైసన్ హిల్స్' అనేవాళ్లు. 1945లో ఆయన వేసిన 'ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్' అన్న పుస్తకానికి పేరు అక్కణ్ణించే వచ్చింది.

కల్లు తిండిలాంటిదైతే, దాని మీద పన్ను తిండి మీద పన్నే కదా. రంప ప్రాంతాన్ని మన్సబుదారు ఏలేవాడు. 1813లో కంపెనీవాళ్లతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ కొండలు అతని కుటుంబం చేతికొచ్చాయి. అతని కింద ముఠాదారులు, అంటే కొన్ని ఊళ్ల మీద హక్కున్న స్థానిక పెద్దలు. మన్సబుదారు కల్లు మీద 'చిగురుపన్ను' వసూలు చేసేవాడు. 1870ల్లో సర్కారు కొత్త ఆబ్కారీ పద్ధతి తెచ్చింది. ఇంటి వాడకానికి కూడా కల్లు గీసుకోకూడదు. కల్లు ఆదాయాన్ని మైదానం నుంచి వచ్చిన కాంట్రాక్టర్లకు పాటకిచ్చారు. కాంట్రాక్టర్లు చిగురుపన్ను వసూలు చేసుకుంటే, మన్సబుదారు దాని మీద ఇంకో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా 'మొదలుపన్ను' అని అదనంగా అడిగాడు. పెరట్లో చెట్టు తనదే, గీసేది తనే, తాగేదీ తనే. ఆ మనిషి ఇద్దరికి పన్ను కట్టాలి.

దీనికి తోడు అప్పులు. మైదానపు వ్యాపారులు కొండవాళ్లతో ఏవో కాగితాల మీద వేలిముద్రలు వేయించుకునేవాళ్లు. తర్వాత కింద ఎక్కడో ఉన్న కోర్టులో దావా వేసేవాళ్లు. ప్రతివాదికి దావా పడిందన్న సంగతే తెలిసేది కాదు. ఎక్స్‌పార్టీ డిక్రీ చేత పట్టుకుని కొండెక్కి, దొరికిన పశువుల్నీ గింజల్నీ తోలుకుపోయేవాళ్లు. అయిదు రూపాయల బాకీకి వంద రూపాయల సొత్తు పట్టుకుపోయిన సందర్భాలున్నాయన్న ఆరోపణ జిల్లా గెజిటీర్‌కి కూడా ఎక్కింది. రాసింది తిరుగుబాటుదారు కాదు, ఎఫ్.ఆర్. హెమింగ్వే అనే ఐ.సి.యస్. అధికారి. గెజిటీర్ అచ్చయింది 1907లో.

1879 మార్చిలో చోడవరం పరిసరాల్లో తిరుగుబాటు మొదలైంది. మనం టీ తాగడానికి ఆగే ఇప్పటి రంపచోడవరమే ఆ చోడవరం. నాయకుల్లో కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య ముఖ్యులు. పోలీసు స్టేషన్లే వాళ్ల మొదటి గురి. తిరుగుబాటు ఏప్రిల్‌లో విశాఖ జిల్లా గొలుగొండ కొండలకీ, జులైలో భద్రాచలం తాలూకా రేకపల్లికీ పాకింది. అణచడానికి ఆరు మద్రాసు పదాతి పటాలాలు, సాపర్లు, ఒక గుర్రపు దళం, హైదరాబాద్ కంటింజెంట్ సైనికులు రావాల్సి వచ్చింది. అయినా 1880 దాకా పట్టింది. చంద్రయ్య, తమ్మన్నదొర ఆ ఏడాదే హతమయ్యారు. మన్సబుదారీని సర్కారు రద్దు చేసి, ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది.

రేకపల్లి దగ్గర కాస్త ఆగాలి. మారేడుమిల్లి దాటాక చింతూరు వైపు దిగే ఘాట్ మీద మనం బైకులాపి ఫొటోలు దిగుతాం కదా. ఆ ఘాట్ దిగితే వచ్చేది ఆ రేకపల్లి సీమే. అక్కడి గొడవ కల్లు గురించి కాదు, పోడు గురించి. అడవిలో ఒక ముక్క కొట్టి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో జొన్నలు, సామలు చల్లుకుంటారు. కొన్నేళ్లకి దాన్ని వదిలేసి ఇంకో చోటికి వెళ్తారు. ఈ ప్రాంతం మధ్యపరగణాల కింద ఉన్నంతకాలం పన్ను లెక్క చాలా తేలిక: గొడ్డలికి నాలుగణాలు. ఎన్ని ఎకరాలు కొట్టావని ఎవరూ కొలవరు. ఇంట్లో ఎన్ని గొడ్డళ్లున్నాయో చూసుకుంటే సరిపోయేది. 1874లో రేకపల్లి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. కొత్త సర్కారు పన్నుని దాదాపు మూడింతలు చేసింది, కొన్ని చోట్ల పోడు పూర్తిగా వద్దంది. అయిదేళ్లు తిరక్కుండానే రేకపల్లి తిరగబడింది.

తిరుగుబాటు చల్లారిన రెండేళ్లకి, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిలో గీతలు గీసి 'రిజర్వు' అన్నారు. మనం 'స్వచ్ఛమైన అడవి' అంటూ ఊపిరి పీల్చుకునే పచ్చదనం ఆ గీతల వెనక మిగిలింది. గీతలు లేకపోతే టేకు వ్యాపారులు దాన్ని మిగల్చకపోయేవాళ్లు, నిజమే. కానీ ఆ గీతకి లోపల పడిపోయిన ఊళ్లు ఒక్కసారిగా చట్టవిరుద్ధమైన ఊళ్లయ్యాయి. 'మనుషులు లేని అడవి' అని మనకి అనిపించే చోట చాలాసార్లు మనుషులు ఉండేవాళ్లు, తర్వాత ఉండనివ్వలేదు.

ఇక రోడ్డు. మారేడుమిల్లి ఘాట్‌కి ఈశాన్యంగా, నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కే ఇంకో ఘాట్ ఉంది. చలికాలంలో అక్కడికీ కార్లు బారులు తీరతాయి. 1920ల మొదట్లో ఆ దారి పనికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లతో చాలీచాలని కూలికి వెట్టి చేయించాడు. గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములకి అతనితో వైరం ఉంది. ఈ కోపాలన్నిటికీ 1922లో అల్లూరి సీతారామరాజు నాయకుడు దొరికాడు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడులు జరిగాయి. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం. రాజు భీమవరం పక్క మోగల్లుకి చెందిన క్షత్రియ కుటుంబం వాడని అందరికీ తెలుసు. డెల్టా ఆయన్ని సొంతం చేసుకుని ఊరూరా విగ్రహం పెట్టుకుంది. ఆయన వెనక నడిచిన కొండదొరలు, కోయలు, కొండరెడ్ల పేర్లు అన్ని విగ్రహాలకి నోచుకోలేదు. 1924 మే 7న రాజుని కాల్చేశారు. ఆయన పేరు మీద 2022లో కొత్త జిల్లా వచ్చినప్పుడు రంపచోడవరం, మారేడుమిల్లి తూర్పుగోదావరి నుంచి విడిపోయి అందులో కలిశాయి.

కొండల్లో రోడ్డు అంటే అంబులెన్సు వస్తుంది, టీచరు వస్తాడు, చింతపండు సంతకి చేరుతుంది. ఆనాడైనా కొండవాళ్లు పోట్లాడింది రోడ్డు వద్దని కాదు. ఎవరి చేత, ఎవరి కోసం వేయిస్తున్నారన్నదే గొడవ.

బొంగు చికెన్ తినేటప్పుడు వెదురు గురించి కూడా ఒక మాట. లేత వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసం కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతారు. నూనె అక్కర్లేదు, గిన్నె అక్కర్లేదు. ఈ కొండల వెదురు చాలాకాలం రాజమండ్రి పేపరు మిల్లుకి దిగింది. మనం చదువుకున్న నోటుపుస్తకాల్లో ఎంతో కొంత ఈ అడవి ఉండే ఉంటుంది. అయినా కాగితం కోసం లారీలకి లారీలు దిగిన రోజుల్లోనే, కొండ మనిషి బుట్ట అల్లుకుని అమ్ముకోవడానికి వెదురు కొడితే అటవీశాఖతో చిక్కొచ్చేది. చట్టం దృష్టిలో వెదురు గడ్డి కాదు, చెట్టు. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించాకే లెక్క మారింది. రోడ్డు పక్క స్టాలులో పొగ పీలుస్తూ బొంగు తిప్పుతున్న అబ్బాయికి ఆ బొంగు మీద హక్కు రావడానికి అంతకాలం పట్టింది.

చివరిది నది. పాపికొండల బోటు ఎక్కినవాళ్లు పేరంటాలపల్లి దగ్గర దిగుతారు. బాలానంద స్వామి స్థాపించిన మునివాటం చూస్తారు, కొండరెడ్లు అమ్మే వెదురు బొమ్మలు కొంటారు. హైమెన్‌డార్ఫ్ తిరిగిన ఊళ్లు ఈ ఒడ్డునే ఉన్నాయి. కలప, వెదురు కాంట్రాక్టర్ల దగ్గర రెడ్లు అప్పుల్లో ఎలా ఇరుక్కున్నారో ఆయన ఇక్కడే చూశాడు. ఇప్పుడు ఆ ఒడ్డే పోలవరం ముంపులో ఉంది. 2014లో తెలంగాణ నుంచి ఏడు మండలాలు ఆంధ్రలోకి వచ్చింది ఈ ముంపు కోసమే. దేవీపట్నం మండలంలో చాలా ఊళ్లు ఇప్పటికే ఖాళీ అయ్యాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి అన్నం కరువు తీరింది. ఆ ఆనకట్టకి పైనున్న కొండవాళ్లు ఇవ్వాల్సి వచ్చింది తక్కువే. ఈసారి ఇస్తున్నది ఊళ్లకి ఊళ్లు. బోటు మీంచి 'ఎంత బాగుందో' అని మనం వీడియో తీస్తున్నది కొందరి ఇంటి పెరడు, అదీ చివరిసారిగా కావచ్చు.

అయితే మారేడుమిల్లి వెళ్లడం మానేయాలా? అక్కర్లేదు. వెళ్తే అక్కడ నాలుగు డబ్బులు తిరుగుతాయి. స్థానిక వన సంరక్షణ సమితులు టూరిజం నడిపిన అనుభవం కూడా అక్కడే ఉంది. కాకపోతే మన లిస్టులో ఒక ప్రశ్న చేర్చుకోవచ్చు: ఈ కాటేజీ ఎవరిది? ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1917లోనే మద్రాసు సర్కారు చట్టం చేసింది. 1959లో రెగ్యులేషన్ వచ్చింది, 1970లో దాన్ని బిగించి 1/70 చేశారు. ఆ నిబంధన ప్రకారం ఇక్కడ గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడి దగ్గర కూడా భూమి కొనకూడదు. అంతకంతకూ పెరుగుతున్న రిసార్టుల బోర్డుల వెనక పట్టా ఎవరి పేరున ఉంది, లాభం ఎవరి జేబులోకి పోతోంది, వంటమనిషి జీతం ఎంత? బుకింగ్ ఫోన్లోనే అడగొచ్చు. జవాబు ఎలా వస్తుందన్న దాన్ని బట్టే చాలా తెలిసిపోతుంది.

సంతలో చింతపండుకో, అడ్డాకుల కట్టకో, కొండచీపురుకో బేరం మొదలుపెట్టే ముందు, వెనకటికి అయిదు రూపాయల బాకీకి వంద రూపాయల సొత్తు కొండ దిగి మన వైపే వచ్చిందని గుర్తుంచుకుంటే మంచిది. బేరం ఆడకపోయినా మన వీకెండు బడ్జెట్టు ఏమీ తలకిందులు కాదు.