ఊరి నీరు – ఒంటి క్షేమము

మానవుని ఆరోగ్యము అతని చేతిలోనే యున్నదని పెద్దలు చెప్పుచుందురు. మితముగా భుజించుట, శుభ్రముగా నుండుట, దురలవాట్లకు దూరముగా నుండుట – ఇవన్నియు మంచివే. అయితే వీటినన్నిటిని తప్పక పాటించిన మనుష్యుడు కూడ, తన ఊరి బావినీటి మూలముగా నడివయసునకే నడుము వంచలేని స్థితికి వచ్చినయెడల, ఆ లోపము ఎవరిది? తెలుగునేలపై ఫ్లోరోసిస్ వ్యాధి చరిత్ర మనలను అడుగు ప్రశ్న యిదియే. ఈ శతవార్షికోత్సవ సంచికలో గడచిన నూరేండ్లను తలంచుకొనుచున్న మనము, ఆ కాలమున మన జనులు త్రాగిన నీటిని గూర్చి కూడ కొంత తలంచుట యుక్తమని భావించి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ వ్యాధి మనుష్యుల ఎముకలను పట్టి పీడించుచున్న సంగతి భారతదేశములో మొట్టమొదట వెలుగులోనికి వచ్చినది మన ప్రాంతముననే. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లాలోని రోగులను పరీక్షించి 1937లో తమ పరిశోధనను ప్రకటించిరి. ఆ జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతములు 1970లో క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. ఆ జిల్లాకే తరువాత ప్రకాశం పేరు వచ్చినది. చిన్నతనమున పండ్లపై గోధుమరంగు గార. పెద్దయిన పిమ్మట మెడ తిరుగదు, వెన్ను వంగదు. ముదిరినచో వెన్నుపాము నొక్కుకొని కాళ్ళు చచ్చుబడును. చూచువారికి కీళ్ళవాతమువలె కనబడును. కారణము మాత్రము నీటిలోని ఫ్లోరైడు.

ఇది ఎవరో కలిపిన విషము కాదు. గ్రానైటు జాతి రాళ్ళలోని కొన్ని ఖనిజములనుండి ఫ్లోరైడు మెల్లమెల్లగా భూగర్భజలములో కరుగును. వాన తక్కువై, నీరు రాతి పొరలలో చాలకాలము నిలిచిన చోట్ల దాని పాలు హెచ్చును. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఈ నీటికి రంగు లేదు, వాసన లేదు. కాచినను ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది ఇంకను చిక్కబడును.

ఇంతవరకు ఇది నేల సంగతి. ఇక సమాజపు సంగతి చూడుడి. నీటిలో ఫ్లోరైడు ఇంచుమించు సమానముగా నున్నను అందరి ఎముకలు ఒకే తీరున చెడవు. సి.జి. పండిట్, ఆయన సహచరులు 1940లో ప్రకటించిన పరిశోధనలో ఆహారలోపమునకును ఈ వ్యాధి తీవ్రతకును గల సంబంధమును ఎత్తి చూపిరి. పాలు, కూరగాయలు కొనగలిగిన ఇంటివాని కంటె గంజి త్రాగి బ్రతుకువానికి ముప్పు ఎక్కువ. నీడపట్టున కూర్చున్నవాని కంటె మండుటెండలో కూలిచేయువాడు ఎక్కువ నీరు త్రాగును. నీటితోపాటు ఫ్లోరైడును త్రాగును. కష్టపడి పనిచేయుటయే అతనికి కీడైనది. మంచినీరు కొని తెచ్చుకొనగల ఇల్లు కొంత తప్పించుకొనును. కొనలేని ఇల్లు ఎక్కడికి పోగలదు?

నల్లగొండ జిల్లా చరిత్ర దీనికి గొప్ప నిదర్శనము. ఆ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గూర్చి సిద్దిఖీ అను వైద్యుడు వ్రాసిన వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. అదే సంవత్సరము డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడువబడినది. పల్లపు భూములు పచ్చబడినవి. కాని మునుగోడు, మర్రిగూడ వంటి మెట్ట ప్రాంతములకు ఆ నీరు ఎక్కలేదు. పొరుగున కృష్ణ పారుచుండగా ఆ ఊళ్ళవారు బోరునీరే త్రాగిరి.

మరియొక వింత కూడ జరిగినది. మోకాళ్ళు ఒకదానికొకటి తగులునట్లు పిల్లల కాళ్ళు వంగిపోవుటను జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గమనించి 1973, 1974 సంవత్సరములలో వ్రాసిరి. జలాశయపు ఊటవలన నేలలోని నీటిమట్టము పెరిగి, పైరులోని సూక్ష్మ ఖనిజముల పాళ్ళు మారుటయు, జొన్న ప్రధానాహారమగుటయు ఇందుకు తోడ్పడి యుండవచ్చునని ఆ పరిశోధన సూచించినది. మేలుకొరకు కట్టిన ఆనకట్ట సైతము, ముందుగా ఆలోచింపని మార్పులను వెంట తెచ్చుననుటకు ఇది హెచ్చరిక.

నివారణకు ప్రయత్నములు జరుగలేదని చెప్పలేము. నాగపూరులోని నీరి సంస్థ 1975 ప్రాంతమున పటిక, సున్నము కలిపి నీటిని తేర్చు పద్ధతిని రూపొందించినది. దానికి నల్లగొండ పద్ధతియని పేరు. కాని ప్రతిదినము పాళ్ళు సరిచూచి కలుపవలెను, అడుగున చేరిన మడ్డిని తీసివేయవలెను. కూలికి పోయి వచ్చిన తల్లికి ఆ తీరిక ఎక్కడిది?

విన్నవించి విసిగిన ప్రజలు 1996 లోకసభ ఎన్నికలలో ఒక విచిత్రమైన మార్గము త్రొక్కిరి. దుశర్ల సత్యనారాయణ స్థాపించిన జలసాధన సమితి పిలుపున వందలకొలది జనులు నామినేషన్లు వేయగా, నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. బ్యాలెట్ పత్రము పుస్తకమంత అయినది. ఎన్నిక వాయిదా పడినది. ఎముకల నొప్పిని ఓటు పత్రముపై వ్రాసి చూపిన ఘనత వారిదే. అయినను తెలంగాణలో ఇంటింటికి శుద్ధి చేసిన నదీజలమును అందించు మిషన్ భగీరథ 2016లో గాని ప్రారంభము కాలేదు. 1955 మొదలు లెక్కించినచో నడుమ 61 సంవత్సరములు గడచినవి.

పుట్టినది మొదలు మంచినీరు త్రాగిన బిడ్డకు పండ్ల గార రాదు, ఎముక వంగదు. కాని వంగిన ఎముకను తిరిగి చక్కచేయు మందు లేదు. కనుక మనము గ్రహింపవలసినవి రెండు గలవు. కుళాయి నాలుగు దినములు ఆగిన, జనులు మరల బోరు దగ్గరకే పోవుదురు గనుక, ఆ నీరు ఆగకుండ చూచుట మనందరి పని. మంచినీరు రాకమునుపే దేహము చెడినవారి పింఛను, వైద్యము, వారి ఇంటి పిల్లల పెండ్లి సంబంధములు – ఇవియు మన బాధ్యతలే. గారపండ్ల పిల్లను చూచి సంబంధము వద్దను ఇల్లు, నీరు చేసిన కీడునకు తానొక కీడును చేర్చుచున్నది. వ్యాధి ఊరి నేలనుండి వచ్చినది. కావున దాని భారమును ఊరందరును పంచుకొనుటయే న్యాయము.