మాల తీసిన మర్నాడు

అమెరికా మద్యనిషేధం గురించి మన గోదావరి వైపు చదువుకున్నవాళ్ళకి సగం కథ తెలుసు. 1920 జనవరిలో దేశమంతా నిషేధం పెట్టారు, దొంగసారా పెరిగింది, గూండాలు కోట్లు గడించారు, 1933 డిసెంబరులో ఎత్తేశారు. బ్రాందీ షాపులు ఉండాలనేవాళ్ళకి ఈ సగం కథ చాలు: అమెరికావాళ్ళకే చేతకానిది మనవల్ల ఏమవుతుందంటారు. కానీ ఇక్కడ అమెరికాలో ఉండి చూస్తే మనకి పనికొచ్చేది ఆ తర్వాతి సగమే అనిపిస్తుంది. దుకాణం మూయించడం ఒక పని, తాగుడు పట్టుకున్నవాణ్ణి నిలబెట్టడం వేరే పని. మొదటిది ప్రభుత్వం చేసి చేతులెత్తేశాక, రెండోదానికి దారి వెతికింది తాగి చెడినవాళ్ళే.

ఇక్కడి కథ మొదట్లో మన దూబగుంట లాగే ఉంటుంది. 1873 డిసెంబరులో ఒహాయో రాష్ట్రంలోని హిల్స్‌బరో అనే ఊళ్ళో ఆడవాళ్ళు మందుకొట్ల ముందు మోకరిల్లి ప్రార్థనలు మొదలెట్టారు. ఏడాది తిరక్కుండా అది దేశవ్యాప్త మహిళా సంఘమైంది. దాదాపు నూట ఇరవై ఏళ్ళ తర్వాత నెల్లూరు జిల్లాలో, దూబగుంటతో మొదలుపెట్టి, అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్ళు సారా వేలంపాటల్ని అడ్డుకున్నారు. మన రాష్ట్రంలో 1993లో సారా, 1995 జనవరిలో మిగతా మద్యం నిషేధమయ్యాయి, 1997లో షాపులు తిరిగి తెరుచుకున్నాయి. అంతమాత్రాన చట్టం వృథా అనను. అమెరికాలో నిషేధపు తొలి ఏళ్ళలో తాగుడూ తగ్గింది, కాలేయం చెడి చనిపోయేవాళ్ళూ తగ్గారు. కొత్తగా అలవాటు పడబోయేవాడికి చట్టం అడ్డు నిలుస్తుంది. పాత తాగుబోతు దగ్గరే దాని బలం చాలదు. అందుకు ఇద్దరు సాక్షులున్నారు: న్యూయార్క్ షేర్ల వ్యాపారంలో తిరిగిన బిల్ విల్సన్, ఒహాయోలోని ఏక్రన్‌లో సర్జన్‌గా ఉన్న బాబ్ స్మిత్. నిషేధం నడిచిన కాలమంతా ఇద్దరూ తాగారు. డాక్టరుగారికైతే వైద్యం పేరుతో ఆల్కహాలు చట్టం ప్రకారమే దొరికేది!

1935 మే నెలలో విల్సన్ పనిమీద ఏక్రన్ వెళ్ళాడు. తాగుడు మాని అప్పటికి ఐదు నెలలు. వెళ్ళిన పని చెడింది, హోటల్లో బారు పిలుస్తోంది. ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప తాను నిలవలేనని తోచి, చర్చిల వాళ్ళకి ఫోన్లు చేసి స్మిత్‌ని పట్టుకున్నాడు. నీతి చెప్పడానికి వెళ్ళలేదు, తన అవసరం కొద్దీ వెళ్ళాడు. స్మిత్ వినడానికి కారణం కూడా అదే అయుంటుంది. ఆ జూన్ 10న స్మిత్ తాగడం మానేశాడు, ఆల్కహాలిక్స్ అనానిమస్ ఆ రోజునే తన పుట్టినరోజుగా లెక్కేసుకుంటుంది. అంతకు చాలా ముందే, 1840లో, బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు ఇలాంటి సంఘమే పెట్టారు. లక్షల మంది చేరారు గానీ, నిషేధ రాజకీయాల గొడవల్లో పడి కొన్నేళ్ళకే చెదిరిపోయింది. కొత్త సంఘం ఆ పొరపాటు చేయలేదు. రుసుము లేదు, బయటి చందా పుచ్చుకోదు, మద్యం చట్టాల మీద అభిప్రాయం చెప్పదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత.

ఇదంతా తెల్లవాళ్ళ తంతు, మనకి అతకదు అనేవాళ్ళు కార్తీకంలో రామచంద్రపురం, ద్రాక్షారామం వీధులు చూడాలి. మిగతా ఏడాదంతా తాగేవాడు అయ్యప్ప మాల వేసుకుని నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. భక్తి ఒక్కటే ఆపిందంటే నేను నమ్మను. సన్నిధానం భజనలు, పక్కన సాటి స్వాములు, తడబడితే చెప్పుకోవడానికి గురుస్వామి, ఇవన్నీ కలిసి ఆపుతాయి. మాల తీశాక ఇవి ఒక్కసారిగా పోతాయి, కొందరికి కోడిపందేల బరి దగ్గరే సీసా మూత తెరుచుకుంటుంది. ఏక్రన్ పద్ధతికి ఆఖరి రోజంటూ లేదు. ఈ ఒక్క రోజు తాగను అనుకోవడం, రేపు మళ్ళీ అదే అనుకోవడం. దేవుడి మాట అందులోనూ వస్తుంది, ఎవరికి తోచిన దేవుణ్ణి వాళ్ళు తలుచుకోవచ్చన్న వెసులుబాటుతో. అది కూడా గిట్టని నాస్తికులు వేరే గుంపులు పెట్టుకున్నారు.

ఈ సంఘం మీటింగుల్లో పూర్తి పేరు చెప్పనక్కర్లేదు సరే, చిన్న ఊళ్ళో పేరు దాగుతుందా అన్నది గట్టి ప్రశ్నే. కానీ తాగుబోతు సంగతి వీధికి ముందే తెలుసు. తెలియనిది వాడు మానాలనుకుంటున్న సంగతి. అది కూడా సిగ్గనిపిస్తే కాకినాడో రాజమండ్రో వెళ్ళొచ్చు, ఇప్పుడైతే ఫోనులోనే మీటింగుకి కూర్చోవచ్చు. ఈ సంఘం మన దేశానికి 1950ల చివర్లోనే వచ్చింది. ఫలితం మాటకొస్తే, 2020లో వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ 27 పరిశోధనల్ని, పదివేల మందికి పైగా రోగుల్ని కలిపి చూసింది. పూర్తిగా మానడం విషయంలో, ఈ సంఘంలో చేరేట్టు చేసే చికిత్స మిగతా చికిత్సల కంటే మెరుగ్గా ఉంది, మిగతా విషయాల్లో వాటితో సమానంగా ఉంది. ఆ పరిశోధనల్లో ఎక్కువ అమెరికావే, కాబట్టి మనకి అంతే పనిచేస్తుందని రాసివ్వలేను. ఒకటి మాత్రం ఖాయం: ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టరు, తర్వాతే మీటింగు.

మనవాళ్ళు ఈ మీటింగులు ఏర్పాటు చేసుకుంటే వేళ చూసి చేయాలి. కూలి డబ్బు చేతిలో పడ్డాక, బెల్టు షాపు దాటకముందు ఉండే ఆ గంటన్నరలో జరగని మీటింగు కూలీకి అందదు. ఇంటి ఆడవాళ్ళు మగాడు కదిలేదాకా కూర్చోనక్కర్లేదు. విల్సన్ భార్య లోయిస్ 1951లో తాగేవాళ్ళ కుటుంబాల కోసం అల్-అనాన్ అని వేరే సంఘం పెట్టింది. భర్త ఇంకా తాగుతున్నా భార్య అందులో చేరవచ్చు.