మరబొమ్మా? బాందీయా?

శయ్యాసుఖానికి చేసిన మరమనిషి ఇస్లాం ధర్మశాస్త్రంలో ఏమవుతుందని అడిగితే నవ్విన మిత్రులున్నారు. మలేషియా పోలీసు అధిపతి మాత్రం నవ్వలేదు. మరమనుషులతో ప్రేమను గురించి 2015లో అక్కడ జరగవలసిన అంతర్జాతీయ సభ చట్టవిరుద్ధమన్నాడు. సభ ఆగిపోయింది.

ప్రశ్న అంత కొత్తదేమీ కాదు. 14వ శతాబ్దపు డమాస్కస్ పండితుడు ఇబ్న్ ఖయ్యిమ్, పుచ్చకాయతోనో, పిండిముద్దతోనో, విగ్రహంతోనో కోరిక తీర్చుకొనేవాని సంగతిని సిగ్గుపడకుండా చర్చించాడు. పాత పండితుల ఈ నిర్మొగమాటం నాకు నచ్చుతుంది. జినాలో పడిపోతాననే భయముంటే స్వహస్తంతో తీర్చుకోవడం క్షమ్యమని హన్బలీలలో ఒక వాదం. ప్రాణం లేని వస్తువు దానికన్నా తేలిక అన్నాడాయన. ఇమాం షాఫీ దారి వేరు. భార్యకూ, "కుడిచేతి సొత్తు"కూ అవతల కోరేవాడు హద్దు మీరినవాడని ఖురాన్ 23వ అధ్యాయం చెబుతున్నది గనుక, స్వహస్తం కూడా నిషిద్ధమే అన్నాడు.

మరబొమ్మతో జినా లేదు; అవతల మనిషి లేదు గదా. నికా లేదు, అంగీకారం చెప్పే నోరు లేదు, మెహర్ పుచ్చుకొనే హక్కు లేదు. ఇక మిగిలింది ఆ "సొత్తు" అనే మాట. డబ్బిచ్చి కొన్న బొమ్మ సొత్తు కాదా అని ఎవరైనా అడగవచ్చు.

ఇక్కడే నేను ఆగిపోతాను. ఆ మాటకు అర్థం వస్తువు కాదు, బాందీ. ప్రాణమున్న ఆడది. ఆమె సమ్మతిని యజమాని అడగనక్కరలేదు. అయినా ఆమె బిడ్డను కంటే ఆ బిడ్డ స్వతంత్రుడు. ఆమెను అమ్మరాదు, యజమాని పోతే ఆమెకు విముక్తి అని అధికసంఖ్యాక పండితులు తీర్పు చెప్పారు. సొత్తు అంటూనే మనిషని ఒప్పుకోక తప్పలేదు. (మన గడీలలో దొరబిడ్డ వెంట అత్తవారింటికి పంపిన ఆడబాపకు ఆ పాటి కాగితమైనా లేదు.)

1206లో అల్ జజరీ తన యంత్రాల గ్రంథంలో పానపాత్ర అందించే యంత్రాన్ని గీశాడు. దానికిచ్చిన రూపం దాసిదే! బానిసత్వాన్ని ట్యునీసియా 1846లో, సౌదీ అరేబియా 1962లో, మారిటానియా 1981లో రద్దు చేశాయి. రద్దయిన ఆ స్థానంలో బొమ్మను నిలబెట్టడమంటే, స్థానాన్ని ఖాళీగా కాపాడి ఉంచడమే గదా?

2017లో సౌదీ అరేబియా సోఫియా అనే ఆడముఖం మరబొమ్మకు పౌరసత్వం ప్రకటించింది. అప్పటికి అక్కడి స్త్రీ దేశం దాటాలంటే మగ సంరక్షకుని అనుమతి కావాలి. వేదికమీద ఆ బొమ్మ తలకు ముసుగు లేదు. పక్కన సంరక్షకుడూ లేడు.