ఇంటి సంగీత శ్రవణ సాధనాలు: ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో ఎంపిక చరిత్ర

నెల్లూరు జిల్లా పడమటి అంచున వెలిగొండల దాపున ఉంది ఉదయగిరి. పెన్నకూ సోమశిల జలాశయానికీ చేరువలో ఉంది ఆత్మకూరు. ఈ మెట్ట సీమలో, పాటను శ్రద్ధగా వినాలనుకునే మనిషి ఇంట్లోకి ఏ యంత్రం తెచ్చుకోవాలన్నది తరానికో రకంగా తేలుతూ వచ్చింది. మొదట డబ్బు అడ్డం. తర్వాత కరెంటు. ఆ పైన దిగుమతి నిబంధనలు. ఈ మూడూ చాలావరకు సడలిన తర్వాత మిగిలింది గది. మంచి యంత్రాలు దొరుకుతున్న ఈ రోజుల్లోనూ పాట బాగుండకపోవడానికి ఎక్కువ ఇళ్ళలో కారణం అదే.

భారతదేశంలో తొలి వాణిజ్య గ్రామఫోన్ రికార్డింగులు 1902లో కలకత్తాలో జరిగాయి. గాయని గౌహర్ జాన్ ఆనాడు పాడారు. 1908 నుంచి ప్లేట్లు కూడా కలకత్తాలోనే అచ్చయ్యాయి. తెలుగు ఇళ్ళలోకి ఈ ప్లేట్లను తెచ్చింది ప్రధానంగా నాటక పద్యం. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల పద్యాలు, తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల పద్యాలు ప్లేట్ల మీద ఊరూరా తిరిగాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటు మీద ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. రంగస్థలం మీద పావుగంట సాగే రాగాలాపన ఆ మేరకు కుదించుకుపోయింది. యంత్రం స్ప్రింగుతో నడుస్తుంది. పిడి తిప్పి బిగించాలి, వైపు మారినప్పుడల్లా ఉక్కు ముల్లు మార్చాలి. అరిగిన ముల్లుతోనే వేస్తే గాడి చెడుతుంది, చెడిన గాడి మళ్ళీ బాగుపడదు. గ్రామఫోన్ కొనగలిగినవాళ్ళు ఊరికి ఒకరిద్దరు. తక్కినవాళ్ళంతా అరుగు మీది శ్రోతలు.

ఆ శ్రోతల చెవిని తీర్చింది ఇంటి యంత్రం కన్నా మైకుసెట్టు. పెళ్ళి పందిట్లో, తిరునాళ్ళలో, గుడి ముందు చెట్టుకు కట్టిన బాకాలోంచి పాట వినిపించేది. బాకా తక్కువ కరెంటుతో చాలా దూరం పలుకుతుంది. అయితే 300 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న స్వరాలు అందులో బాగా బలహీనపడతాయి. గొంతు, సన్నాయి దూసుకొస్తాయి, మృదంగం ఎడమ పక్క వినపడదు. పల్లెల్లో పాత పాటంటే మెరుపుగా, కాస్త గరుకుగా ఉండాలన్న అభిరుచి ఈ బాకాల కింద పుట్టిందనే ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రేడియో దీనికి భిన్నమైన ధ్వనిని ఇంట్లోకి తెచ్చింది. 1953 దాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో భాగం. 1938లో మొదలైన మద్రాసు కేంద్రం, 1948లో విజయవాడ, 1963లో కడప కేంద్రాలు ఇక్కడి శ్రోతలకు దిక్కులయ్యాయి. షార్ట్‌వేవ్ మీద రేడియో సిలోన్ తెలుగు పాటలు వినిపించేది. కర్ణాటక సంగీతాన్ని క్రమం తప్పకుండా వినే అలవాటు, విజయవాడ కేంద్రం భక్తిరంజని కార్యక్రమంతో తెల్లవారే అలవాటు రేడియో ఇచ్చినవే. కరెంటు ఆలస్యంగా చేరిన మెట్ట పల్లెల్లో వాల్వు సెట్లు పెద్ద డ్రై బ్యాటరీల మీద నడిచేవి. బ్యాటరీ ఖరీదు కాబట్టి ఏ కచేరీ వినాలో ముందే నిర్ణయించుకోవాల్సి వచ్చేది. మీడియం వేవ్‌లో 5 కిలోహెర్ట్జ్ పైబడిన స్వరాంశాలు ఇళ్ళలోని సెట్లకు దాదాపు అందవు. అయినా చెక్కపెట్టెలోని వెడల్పాటి స్పీకరు గొంతుకు గుండ్రదనం ఇచ్చేది. ట్రాన్సిస్టర్ రాగానే సెట్టు చేతిలోకి వచ్చింది, ఆ గుండ్రదనం మాత్రం పోయింది.

మేలిరకం ధ్వని అన్న ఆలోచన ఇదే కాలంలో పశ్చిమ దేశాల్లో స్థిరపడింది. ఇంజనీర్లు రైస్, కెలాగ్ 1925లో రూపొందించిన కదిలే చుట్ట స్పీకరే నేటి స్పీకర్లకు మూలం. విలియమ్సన్ 1947లో ప్రచురించిన ఆంప్లిఫయర్ పటం చూసి ఔత్సాహికులు దేశదేశాల్లో సొంతంగా కట్టుకున్నారు. 1948లో ఎక్కువసేపు పాడే ఎల్పీ ప్లేటు, దాదాపు పదేళ్ళకు స్టీరియో ఎల్పీ వచ్చాయి. 1954లో ఎడ్గర్ విల్చర్ మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడుకుని చిన్న స్పీకరుతో లోతైన మంద్రం పలికించాడు. ఇవి మనదాకా రావడానికి సముద్రం కన్నా దిగుమతి లైసెన్సే పెద్ద అడ్డయింది. విదేశీ యంత్రాలు 1991 సంస్కరణల దాకా మామూలు దారిలో దొరకడం కష్టం. నెల్లూరు వాళ్ళకు దగ్గరి పెద్ద బజారు మద్రాసే. పాత ప్లేట్లకు 1985లో కాలిపోయేదాకా మూర్ మార్కెట్, విడిభాగాలకు రిచీ స్ట్రీట్. రేడియో మెకానిక్కులు అక్కడి భాగాలతోనే ఆంప్లిఫయర్లు కట్టేవారు. మొదట 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, తర్వాత ఎస్టీకే ఐసీలు. నిజాయితీగా కట్టిన అలాంటి ఆంప్లిఫయర్ చాలా కంపెనీ సెట్ల కన్నా బాగా పలికేది. లోపమంతా దానికి తగిలించిన పెట్టెలోనే. పలచని ప్లైవుడ్ పెట్టె తనూ కంపిస్తుంది, పాటకు తన మోత కలుపుతుంది. చెక్క గరిటెలకూ చెంచాలకూ భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరిలో మంచి చేవ కర్రకు కరువు లేదు. కానీ చేవ కర్ర కూడా రుతువుతో పాటు ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. ప్రపంచమంతటా స్పీకరు పెట్టెలకు చెక్కపీచు నొక్కి చేసిన ఎండీఎఫ్ పలకను ఎంచుకోవడానికి అదొక కారణం.

ఈ దశలో వినడానికి ఉన్న సరుకేమిటో కూడా చూడాలి. 1974 ఫిబ్రవరిలో కన్నుమూయడానికి కొద్దికాలం ముందు ఘంటసాల రికార్డు చేసిన భగవద్గీత ఎల్పీ లెక్కలేనన్ని తెలుగు ఇళ్ళలో మోగింది. నెల్లూరు వాడైన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 1966లో సినిమా పాట మొదలుపెట్టారు. తర్వాత మద్రాసులో తన గురువు పేరిట కోదండపాణి ఆడియో ల్యాబ్స్ నెలకొల్పారు. 1970ల చివరిదాకా తెలుగు సినిమా పాట దాదాపు పూర్తిగా మోనో. రెండు స్పీకర్లు పెట్టినా గాయకుడు, వాద్యాలు అంతా నట్టనడుమే నిలుస్తాయి. అది యంత్రం తప్పు కాదు. ఎడమ కుడి విడివిడిగా వినపడలేదని ఇంకా ఖరీదైన సెట్టు వెతికితే ఫలితముండదు. ఈ పాటలకు గొంతు మధ్యస్థాయిని కల్తీ లేకుండా పలికే స్పీకరు కావాలి. మంద్రం ఎంత లోతుకు దిగుతుందన్నది ఆ తర్వాతి మాట.

క్యాసెట్టు రాకతో లెక్క మారిపోయింది. ఫిలిప్స్ 1963లో ప్రవేశపెట్టిన ఈ చిన్న టేపు 1980లలో ఇక్కడ ఇంటింటికీ చేరింది. కడప, నెల్లూరు జిల్లాల నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళు సెలవుకు వస్తూ తెచ్చిన జపాన్ టూ ఇన్ వన్, ఊళ్ళో అప్పటిదాకా ఎవరూ వినని స్పష్టతను వినిపించింది. నాణ్యతను ఒకదానితో ఒకటి పోల్చి చూసే అలవాటు ఇక్కడ చాలామందికి ఆ సెట్లతోనే మొదలైంది. దాంతో పాటే, క్షణకాలపు గరిష్ఠ శక్తిని చూపే పీఎంపీఓ మాయ కూడా వచ్చింది. పెట్టె మీద వేల వాట్లని రాసి ఉండేది, నికరంగా ఇవ్వగలిగింది చాలాసార్లు పదుల వాట్లు. వాట్లు రెట్టింపయితే ధ్వని పెరిగేది 3 డెసిబెల్లే. కాబట్టి ఒక్క వాటుకు ఎంత బిగ్గరగా పలుకుతుందన్న స్పీకరు సున్నితత్వం చూడకుండా వాట్లు మాత్రమే చూసి కొనడం ఆనాడూ పొరపాటే, ఈనాడూ పొరపాటే.

1982లో వచ్చిన సీడీతో ముల్లు అరుగుదల, టేపు బుస పోయాయి. తర్వాత వందల పాటల ఎంపీ3 డిస్కులు ఆ లాభంలో కొంత తిరిగి తీసుకుపోయాయి. ఇప్పుడు నష్టం లేని ఫైళ్ళు ఫోనులోకే వస్తున్నాయి. అంకెలను ధ్వని సంకేతంగా మార్చే మామూలు డీఏసీ కూడా చెవి పట్టలేనంత తక్కువ దోషంతో పనిచేస్తోంది. ఖర్చు పెట్టాల్సింది అక్కడ కాదు.

మేలిరకం సెట్టు కొనాలంటే ఉదయగిరి, ఆత్మకూరుల నుంచి చెన్నైకో హైదరాబాదుకో వెళతారు. అక్కడ తివాచీ, తెరలు, మెత్తని సోఫాలు ఉన్న గదిలో వింటారు. అదే సెట్టు ఇంటికి తెచ్చి కడప బండ పరచిన కాంక్రీటు హాల్లో పెడితే పాట మారిపోతుంది. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిని తీసుకుందాం. దాని ఘనపరిమాణం సుమారు 51 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు సగటున నూటికి మూడు వంతుల ధ్వనినే పీల్చుకుంటాయనుకుంటే, ధ్వని నిలిచే కాలాన్ని లెక్కగట్టే సబీన్ సూత్రం ప్రకారం ఖాళీ గదిలో ధ్వని అణగడానికి 3 సెకన్లకు పైగా పడుతుంది. సంగీతం వినే ఇంటి గదికి అర సెకను లోపు ఉంటే మంచిది. 3 సెకన్లంటే గమకం మీద గమకం పడి రాగం అలుక్కుపోతుంది. 12 అడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర, 15 అడుగుల మధ్య 37 హెర్ట్జ్ దగ్గర గాలి ఊగిసలాడి మంద్రం ఉబ్బుతుంది. స్పీకర్లను మూలకు నెట్టితే ఇది ఇంకా ఎక్కువ.

దీనికి ఖరీదైన మందు అక్కర్లేదు. నేల మీద మందపాటి జంపఖానా, వెనక గోడకు నిండా పుస్తకాలున్న అలమర, పక్క గోడలకు బరువైన తెరలు, గదిలో ఒక దూది పరుపు. స్పీకర్లను గోడకు రెండు మూడు అడుగులు ఎడంగా జరిపి, వాటి మధ్య దూరం ఎంతో వినేవాడికీ అంతే దూరం ఉండేలా చూసుకోవాలి. కెనడాలో పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ 1980లలో తెరచాటున జరిపిన పరీక్షల్లో, పేరు, ఖరీదు తెలియకుండా విన్నవాళ్ళు ఎక్కువగా మెచ్చింది అన్ని స్వరస్థాయులనూ సమంగా పలికే స్పీకర్లనే. బడ్జెట్టులో సగానికి పైగా స్పీకర్లకే కేటాయించమనడం ఇందుకే. వోల్టేజీ నిలకడ లేని వీధుల్లో మంచి స్టెబిలైజరు కావాలి. చదరపు తరంగం ఇచ్చే ఇన్వర్టరు మీద ఆంప్లిఫయర్ నడిపితే ట్రాన్స్‌ఫార్మరు గుర్రుమంటుంది.

తాతల నాటి ప్లేట్లు ఇంకా అటకల మీద ఉన్న ఇళ్ళకు మరో జాగ్రత్త ఉంది. 78 చుట్ల గాడి వెడల్పుది, దానికి సుమారు 75 మైక్రాన్ల మొన ఉన్న ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు అందులో అడుగుకు జారి దుమ్మునే చదువుతుంది. 1954 తర్వాత పరిశ్రమలో స్థిరపడ్డ ఆర్‌ఐఏఏ అనే మంద్ర, తార స్థాయుల సర్దుబాటు అంతకు ముందరి ప్లేట్లకు సరిపోదు, కాబట్టి పాత ప్లేట్లకు తగ్గట్టు దాన్ని మార్చుకునే వీలున్న ఫోనో ప్రీఆంప్ ఎంచుకోవాలి. లక్కతో చేసిన ఆ ప్లేట్లను స్పిరిట్‌తో తుడిస్తే కరుగుతాయి. మెత్తని బ్రష్షుతో, శుద్ధమైన నీటితో, మధ్యలోని కాగితం తడవకుండా శుభ్రం చేసి, నిలువుగా నిలబెట్టి భద్రపరచాలి.