లండన్‌కు వెళ్లిన బ్రెజిల్ బొమ్మలు



అది 1944 నవంబరు. లండన్ మీద జర్మనీ వీ-2 రాకెట్లు పడుతున్న రోజులు. ఆ సమయంలో అక్కడి రాయల్ అకాడమీ భవనంలో ఒక చిత్రకళా ప్రదర్శన మొదలైంది. 70 మంది బ్రెజిల్ చిత్రకారుల 168 చిత్రాలను అక్కడ ఉంచారు. బ్రెజిల్ చిత్రకళను బ్రిటన్ ప్రజలు ఇంత పెద్దఎత్తున చూడడం అదే మొదటిసారి.

ఆ చిత్రాలన్నీ చిత్రకారులు ఉచితంగా ఇచ్చినవే. అమ్మగా వచ్చే సొమ్ము బ్రిటిష్ వైమానిక దళ సహాయనిధికి చేరాలని వారి ఉద్దేశం. అదే ఏడాది బ్రెజిల్ సైనికులు ఇటలీలో మిత్రరాజ్యాల పక్షాన పోరాడుతున్నారు. సైన్యంతో పాటు బొమ్మలు కూడా స్నేహాన్ని చాటడానికి సముద్రం దాటాయన్నమాట. తమది ఆధునిక దేశమని చెప్పుకోవడం కూడా అందులో ఉంది.

జనం బాగానే వచ్చారు. ప్రదర్శన మరికొన్ని నగరాలకూ వెళ్లింది. విమర్శకుల్లో కొందరు మాత్రం ఇందులో పారిస్ ప్రభావమే ఎక్కువన్నారు. నిజమే, తార్సిలా దో అమరాల్ వంటి వారు పారిస్‌లో చదువుకున్నవారే. అయితే ఆఫ్రికా ముసుగుల నుంచి పికాసో నేర్చుకుంటే అది కొత్తదనమైంది. పారిస్ నుంచి బ్రెజిల్ వారు నేర్చుకుంటే అనుకరణ అయింది! ఇదెక్కడి న్యాయం?

ఆ చిత్రకారుల్లో కార్డోసో జూనియర్ అనే విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు. చిత్రకళ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. డెబ్బై ఏళ్ల వయసులో కుంచె పట్టారు. రియో నగరం దగ్గరి గ్వానబారా అఖాతం కనిపించేలా ఆయన గీసిన బొమ్మ 1945లో టేట్ గ్యాలరీకి చేరింది. ఆ గ్యాలరీలో చోటు దొరికిన మొదటి బ్రెజిల్ చిత్రం అదే. పారిస్ చదువులు చదివిన వారిని కాదని, పాఠశాల మాస్టారి అమాయకమైన బొమ్మకు ముందుగా తలుపు తెరుచుకోవడం ఆలోచించదగిన విషయం.

మిగతా బొమ్మల్లో కొన్ని తలో ఊరి గ్యాలరీకీ చేరాయి. చాలాకాలం వాటి ఊసెత్తినవారు తక్కువ. బ్రిటన్‌లో మిగిలిన వాటిని వెదికి, 2018లో లండన్‌లోని బ్రెజిల్ రాయబార కార్యాలయం మళ్లీ ప్రదర్శించింది. 2025లో అదే రాయల్ అకాడమీ పదిమంది బ్రెజిల్ ఆధునిక చిత్రకారులతో పెద్ద ప్రదర్శన నిర్వహించింది. నడుమ గడిచినవి ఎనభై ఏళ్లు.

సరిహద్దు జిల్లాల్లో ఉండే మన తెలుగు విని, ఇందులో పక్క భాష కలిసిందని పెదవి విరిచేవారు ఉంటారు. కలిసిన మాట నిజమే. కలిసినంత మాత్రాన అది మనది కాకుండా పోతుందా? బ్రెజిల్ బొమ్మలూ ఆనాడు లండన్‌ను అడిగింది ఆ ప్రశ్నే.