ఎడారి ఎండలో పెరటి కోళ్ళు

ఫీనిక్స్‌లో కోళ్ళు పెంచుతున్నామంటే ఊళ్ళో మావాళ్ళకి నవ్వు. "అక్కడ మీకే నిలవనీడ లేదంటారు, మళ్ళీ కోళ్ళొకటా?" అంటుంది మా పెద్దమ్మ. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేం లేదు. 2023లో జూన్ 30 నుంచి జులై 30 దాకా వరసగా 31 రోజులు ఇక్కడ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. మన లెక్కలో 43 డిగ్రీల పైమాట. ఆ నెలంతా మా నాలుగు పెట్టల్ని ఎలా బతికించుకోవడమా అన్నదే నా ధ్యాస. ఏసీలు లేని రోజుల్లో ఇక్కడి ఆడవాళ్ళు ఏం చేశారో అని చదవడం మొదలుపెట్టింది అందుకే.

ముందు కోడి సంగతి. దానికి చెమట పట్టదు. మామూలుగానే ఒంటి వేడి 41, 42 డిగ్రీలుంటుంది. బయటి గాలి అంతకంటే వేడెక్కితే దానికున్న దారి నోరు తెరిచి రొప్పడం ఒక్కటే. రొప్పేకొద్దీ ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి, గుడ్డు పెంకు పల్చబడుతుంది. వేసవిలో పెంకు చేతిలోనే చితికిపోవడానికి అదొక కారణం. ఎండ మరీ ముదరకముందు తలమీది జుట్టు, మెడకింద వేలాడే ఎర్రటి తోలు కూడా వేడిని బయటికి పంపుతాయి. అందుకే ఇటలీలోని లివోర్నో పేరు మీద వచ్చిన లెగ్‌హార్న్ జాతి, పెద్ద జుట్టుతో, ఎండకి బాగా ఓర్చుకుంటుంది. బ్రహ్మ అని ఇంకో జాతి ఉంది. పేరు చూసి మనదనుకునేరు, చైనా నుంచి వచ్చిన కోళ్ళతో అమెరికాలో తయారైంది. కాళ్ళ నిండా ఈకలు, చిన్న జుట్టు. చలిదేశానికి సరే గానీ ఇక్కడ దాన్ని పెంచడం పాపం. ఈజిప్టు ఎడారి అంచున ఫయూమ్ నుంచి వచ్చిన ఫయూమీ కోళ్ళు ఎండకి పెట్టింది పేరు. 1940లలోనే వాటిని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయానికి తెప్పించుకున్నారు.

అరిజోనా నేలకి కోడి కొత్తే. ఈ ప్రాంతపు ఆదివాసులు టర్కీలను పెంచారు గానీ, మన కోడి స్పానిష్ వాళ్ళతో వచ్చింది. నీడ మాత్రం ఇక్కడ ముందునుంచీ ఉంది. ఓదమ్ ప్రజలు మెస్కీట్ గుంజలు పాతి, పైన ఎండిన సగ్వారో జెముడు ఈనెలు, కొమ్మలు పరుస్తారు. దాన్ని రమడా అంటారు. అచ్చంగా మన చలువపందిరి! గోడలుండవు, గాలి ఆడుతుంది. ఆ పందిరి కిందే నీళ్ళకుండ వేలాడదీసేవారు. కుండ చెమర్చి నీళ్ళు చల్లబడటం గురించి మనకి ఒకరు చెప్పాలా?

మెస్కీట్ అంటే ఎవరో కాదు, మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం. మనం తిట్టుకునే ఆ తుమ్మ పుట్టిల్లు అమెరికా ఖండాలే. మా పెరట్లో ఒక మెస్కీట్ ఉంది, మధ్యాహ్నం మా కోళ్ళకి అదే దిక్కు.

1920, 30లలో ఇక్కడి ఆడవాళ్ళు రాత్రిళ్ళు వసారాల్లో మంచాలు వేసి, చుట్టూ తడి దుప్పట్లు కట్టేవారు. తర్వాత చెక్క పొట్టు దట్టించిన మెత్తలు తడిపి, వెనక ఫ్యాను పెట్టిన పెట్టె కూలర్లు వచ్చాయి. మన వట్టివేళ్ళ తడికల సూత్రమే, కరెంటు తోడైందంతే. కోళ్ళషెడ్లకి ఇప్పటికీ అదే వాడతారు. నేనూ అదే వాడుతున్నాను.

అయితే ఒక మెలిక ఉంది. జూన్‌లో గాలి ఒట్టి పొడి, తడి గుడ్డ ఇట్టే చల్లబరుస్తుంది. జులైలో ఇక్కడ కూడా ఓ చిన్న వర్షాకాలం వస్తుంది, గాలిలో తేమ పెరుగుతుంది. అప్పుడు నీళ్ళ తుంపర్లు ఎంత కొట్టినా ఆవిరి కావు, ఉక్కపోత మిగులుతుంది. అనంతపురంలో పనిచేసిన కూలర్ విజయవాడలో ఎందుకు చతికిలబడుతుందో ఇక్కడా అంతే. ఆ రోజుల్లో తుంపర్లు ఆపి నీడ, ఫ్యాను మీదే ఆధారపడాలి.

ఆ జులైలో ఒక మధ్యాహ్నం మా నల్లపెట్ట రెక్కలు వాల్చి, కళ్ళు మూసి ఒరిగిపోయింది. చల్లటి నీళ్ళ తొట్టిలో, ఐసు నీళ్ళు కాదు, పొట్టదాకా నిలబెట్టి పట్టుకున్నాను. పావుగంటకి కళ్ళు తెరిచింది. మా అమ్మాయి ఆ పావుగంటా నా పక్కనే, ఒక్క మాట లేకుండా నిలబడింది. ఆ రోజు నుంచి మేత తెల్లారకముందూ, పొద్దువాలాకే. తిన్నది అరుగుతున్నప్పుడు ఒంట్లో ఇంకా వేడి పుడుతుంది మరి. మధ్యాహ్నం పుచ్చకాయ తొక్కలు, రెండుచోట్ల నీళ్ళు. మా అమ్మ ఫోనులో "మజ్జిగ పొయ్యవే" అంటుంది. ఆ మజ్జిగ నేనే తాగేస్తాను.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే దేశపు ప్రభుత్వం పోస్టర్లు వేసి, మనిషికి రెండు పెట్టల చొప్పున పెరట్లో పెంచుకోమని ఇల్లాళ్ళని బతిమాలింది. తర్వాత తర్వాత చాలా ఊళ్ళు కోళ్ళ మీద ఆంక్షలు పెట్టుకున్నాయి. చివరికి 2024లో అరిజోనా గవర్నర్ కేటీ హాబ్స్ సంతకంతో, సొంత ఇంటి పెరట్లో ఆరు కోళ్ళదాకా పెంచుకోవచ్చని చట్టం వచ్చింది. పుంజుల్ని మాత్రం వద్దనే అధికారం ఊళ్ళకే వదిలారు. ఆరంటే మాకింకా రెండు బాకీ. ఈసారి ఫయూమీలే తెద్దామని మా అమ్మాయి పట్టు.