పేషీ ఎవరి చేతిలో?

కల్వకుర్తి కోర్టు వరండా. పాలోళ్ల మీద పంపకం దావా వేసిన రైతు తన వకీలుకు అడ్డం వెళ్లాడు. ఈయన ఒక్క మనిషి కాదు, ఆ వరండాలో నిలబడే చాలామంది కలిసిన మనిషి.

"సారూ, ఇయ్యాలన్న సాక్షిని అడుగుతరా?"

"అవతలి వకీలు రాలే పెద్దాయనా. మళ్ల పేషీ పడ్డది."

బస్సు కిరాయి, పోయిన కూలి, సాక్షిగా వెంట తెచ్చుకున్న పక్క చేను ఆయన భోజనం కోర్టు కాగితాల్లో ఎక్కవు. ఎక్కేది తర్వాతి తేదీ ఒక్కటే.

ఆ తేదీ వకీళ్ల వీలును బట్టి కాక జడ్జి చేతిలో ఉండాలని నియమాలు రాసి పెట్టినవారు జస్టిస్ ఎం. జగన్నాధరావు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి బయల్దేరి కేరళ, ఢిల్లీ హైకోర్టులకు ప్రధాన న్యాయమూర్తిగా, 1997 నుంచి 2000 దాకా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా చేశారు. రిటైరయ్యాక లా కమిషన్‌కు చైర్మన్ అయ్యారు. అసలు పని అప్పుడే మీద పడింది.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు 1999లో, 2002లో చేసిన సవరణలు 2002 జూలై 1న అమల్లోకి వచ్చాయి. సేలం న్యాయవాదుల సంఘం సుప్రీంకోర్టుకెక్కింది. అక్టోబర్ 25న కోర్టు సవరణలు చెల్లుతాయంది. వాటిని నడిపించే దారి చూపమని ఒక కమిటీ వేసింది. జగన్నాధరావు అధ్యక్షులు. సభ్యుల్లో కపిల్ సిబల్, అరుణ్ జైట్లీతో పాటు బార్ కౌన్సిల్ చైర్మన్ డి.వి. సుబ్బారావు ఉన్నారు.

కమిటీ నమూనా నియమాల్లో దావాలన్నిటికీ ఒకే వరుస లేదు. మనోవర్తి, పిల్లల సంరక్షణ మొదటి ట్రాక్: 9 నెలలు. డిక్రీ అమలు, విడాకులు రెండోది: 12 నెలలు. మన రైతు పంపకం దావా మూడోది: 24 నెలలు. తిండికి ఎదురుచూసే ఆడమనిషిని, హద్దురాయి కోసం కొట్లాడే అన్నదమ్ములను ఒకే క్యూలో నిలబెట్టకపోవడమే ఈ పనిలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

రాజీకీ దారి వేశారు. మధ్యవర్తి ముందు 60 రోజులు, కోర్టు ఒప్పుకుంటే ఇంకో 30. అక్కడ నోరు జారి ఒప్పుకున్నది తర్వాత కోర్టులో సాక్ష్యం కాదు. ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీకి ఈ రక్షణ ఏనాడూ లేదు.

అదే కేసులో 2005 ఆగస్టు 2న సుప్రీంకోర్టు మళ్లీ తీర్పిచ్చింది. ఒక పక్షానికి మూడు వాయిదాలు దాటకూడదన్న నిబంధనను నిలబెడుతూనే, మనిషి చేతిలో లేని ఆపదలకు సడలింపు ఇచ్చింది. భోపాల్ గ్యాస్, గుజరాత్ భూకంపం, సునామీ అని ఉదాహరణలు కూడా చెప్పింది. 'అవతలి వకీలు రాలే' అన్నది ఆ వరసలో లేదు. ఖర్చులు కూడా నామమాత్రంగా కాక, నిజంగా అయినంత ఇప్పించాలంది.

కమిటీ రాసిన నమూనాను చూసి సొంత నియమాలు చేసుకునే పని మాత్రం హైకోర్టులకే వదిలింది. రాసినవి ఎంత మంచివైనా, తాలూకా కోర్టులో జడ్జి బల్ల మీదికి వచ్చి రోజూ అమలైతేనే కల్వకుర్తి రైతుకు ఆ 24 నెలల లెక్క మొదలయ్యేది.